ఆదివారం పానా పట్టని మనిషి

ఈ రోజుల్లో బండికి ఏదో తగిలించి చూస్తే దాని జబ్బేమిటో అంకెల్లో చెబుతుందట. డెబ్బైల్లో మా కొరాపుట్ ఇంట్లో ఆ పని మా ఆయన ముక్కూ చెవీ చేసేవి. ఆయన బడిలో లెక్కల మాస్టారు. వేలంలో కొన్న పాత జీపొకటి మాకుండేది. అది మొరాయిస్తే ఇంజను ప్లగ్గులు విప్పి, వరండాలో పాత పేపరు మీద వరసగా పెట్టి చూసేవారు. మసిపడితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, తెల్లబారితే ఇంజను వేడెక్కుతోంది, జిడ్డుగా ఉంటే రింగులు అరిగాయి. డాక్టరు నాలుక చూసినట్టే. నేను నర్సుని. ఆసుపత్రిలో రోగులకు కూడా ఈ భోగం లేదని వెక్కిరించేదాన్ని.

ఒక్క ఆదివారం మాత్రం ఆయన పానా ముట్టరు. ఆ కట్టడి మా అమ్మది. అమ్మ రాయగడలో మా తమ్ముడి దగ్గర ఉండేది. మా పెళ్ళి మాటలప్పుడు, పెళ్ళికొడుకు ఆదివారం చర్చి మానేసి జీపు కింద దూరతాడని ఎవరో ఆవిడ చెవిన వేశారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, ప్రార్థన చేయించి మరీ మాట తీసుకుంది. అత్త మాట జవదాటని అల్లుడు లోకంలో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరూ నాకే దొరకాలా!

ఆ ఆదివారం ఆరాధన నుంచి వస్తుంటే జీపు దగ్గి దగ్గి మా వాకిట్లోకి వచ్చి ఆగిపోయింది. వెనక నల్లటి పొగ. ఆయన బానెట్ ఎత్తకుండానే వాసన చూసి, ప్లగ్గులు మసిపట్టాయి, రుద్దితే పది నిమిషాల పని అని తేల్చేశారు. మధ్యాహ్నం రాయగడ నుంచి వచ్చిన లారీ డ్రైవరు కబురు తెచ్చాడు. అమ్మకి ఆయాసంగా ఉందట, ఓసారి రమ్మందట. బస్సు పొద్దున్నే పోయింది. ఆ లారీ రాయగడకి ఎదురు దిక్కున కొట్పాడ్ వైపు పోతోంది.

"పది నిమిషాలన్నారు గదా. తీసి రుద్దండి," అన్నాను.

"మీయమ్మకి మాటిచ్చేను. తెల్లారగానే సేస్తాను," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. బతిమాలాను, తిట్టాను, బైబిలు వాక్యాలు కూడా అప్పజెప్పాను. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అమ్మకి ఆయాసం ప్రతి చలికాలం వచ్చేదే కదా అని చివరికి నేనూ ఊరుకున్నాను.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే ప్లగ్గులు విప్పారు. ఆయన చెప్పినట్టే నల్లగా కాటుకలా ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది బిగించగానే జీపు ఒక్క తిప్పుకే అందుకుంది. లక్ష్మీపూర్ ఘాట్ రోడ్డు పొడుగునా నేను మొహం అటు తిప్పుకునే కూర్చున్నాను. మేం చేరేసరికి తమ్ముడి వాకిట్లో జనం ఉన్నారు. అమ్మ ఆ తెల్లవారుజామునే పోయింది.

తమ్ముడి భార్య నన్ను పట్టుకుని ఏడుస్తూ చెప్పింది. "రాత్రయినా మీరు రాకపోతే టాక్సీ పంపుతామన్నాం, వద్దంది వదినా. 'బండి పాడై ఉంటాది. ఈయేళ ఆదివారం గదా, అల్లుడు పానా ముట్టుకోడు. మాటంటే మాటే ఆ బాబుకి. రేపొచ్చేస్తారు' అని వచ్చినోళ్ళందరికీ సెప్పింది. గొప్పగా సెప్పింది."

ఆయన నా వెనకే నిలబడి విన్నారు. గుమ్మంలోనే కూలబడిపోయారు. దారి పొడుగునా ఆయన మీద కూడబెట్టుకున్న కోపం ఏమైందో, నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

అమ్మ ఆ రాత్రి అల్లుణ్ణి ఒక్క మాట విసుక్కుని ఉంటే, ఆయన ఏడ్చి తేలికపడేవారు. మెచ్చుకుని పోయింది.