అప్ప వాడుక ఇళ్ళు

మా పేటలో చేపలమ్మే ఆడవాళ్ళకు కాగితం లేని ఆస్తి ఒకటి ఉంటుంది. వాడుక ఇళ్ళు. మా అక్కకు, అప్ప అని పిలుస్తాను, సీతమ్మధారలో ఎప్పుడూ తన దగ్గరే చేపలు కొనే ఇళ్ళు పద్దెనిమిది ఉండేవి. మోకాళ్ళు పట్టేసిన వాళ్ళ అత్త ఆమెను ఒక్కో గుమ్మం ముందూ నిలబెట్టి, "ఇకమీద నా కోడలే వస్తాదమ్మా" అని అప్పగించింది. ఒకరి ఇళ్ళలోకి ఇంకొకరు తట్టతో వెళ్ళరు. వెళితే పేటలో తలెత్తుకోలేరు. బావ పోయాక అప్పకు ఆ ఇళ్ళే ఆధారం.

కరోనా వచ్చిన ఏడాది పోర్టులో నా కాంట్రాక్టు పని పోయింది. గేటు పాసు మళ్ళీ ఇవ్వలేదు. సముద్రంలో వేట మళ్ళీ మొదలైనా అపార్ట్‌మెంట్లలోకి తట్టవాళ్ళను రానిచ్చేవారు కాదు. ఎవరికి చేపలు కావాలన్నా ఫోనే. ఫొటోలు పంపే ఫోను నా దగ్గర ఉంది, అప్ప దగ్గర లేదు.

"నెంబర్లు రాసుకోరా. ఇది పోయేదాకా ఆర్డర్లు నువ్వు సూడు, నాను కోసి ఇత్తాను. సెరిసగం. నీ పిల్లలు పస్తుండకూడదు."

నేను అడగలేదు. ఆమే ఇచ్చింది.

రెండు నెలలు బాగానే సాగింది. కానీ అన్నం ముందు కూర్చున్నా ఆర్డర్లే లెక్కపెట్టుకునేవాణ్ణి. ఇదీ పోతే? అదొక్కటే లోపల తిరుగుతుండేది. నా భార్య పలకరిస్తే కసిరేవాణ్ణి. ఒకరోజు ఒక ఇంటావిడ ఫోన్ చేసింది. "గేటు తెరిచారయ్యా. మీ అక్క కోసినట్టు ఎవరూ కోయరు. ఇక ఆమెనే రమ్మను."

"అప్పకి ఆ జబ్బు తగిలిందండి. ఇప్పట్లో రాలేదు," అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. కానీ మర్నాడు మిగతా ఇళ్ళవాళ్ళు ఫోన్ చేసి అడిగినప్పుడు ఆలోచించే అన్నాను. అప్పతో మాత్రం ఆర్డర్లు పడిపోయాయని చెప్పి, చేపలు మా ఇంట్లోనే నా భార్య చేత కోయించడం మొదలుపెట్టాను.

ఇరవై రోజులు చూసి ఆమె తనే తట్ట ఎత్తుకుని వెళ్ళింది. వాచ్‌మన్ ఆపేశాడు. పైనుంచి ఎవరో, "ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, అప్పుడే ఎందుకొచ్చావు?" అని అరిచారట. నేరుగా మా ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"నాకు రోగమంటన్నార్రా. ఎవులు సెప్పారో?"

"గిట్టనోల్లెవులో సెప్పుంటారప్పా."

"నిజంగా ఉందేటి? నా మొకం సూడు. అలాగున్నానా?"

"నాకేటి తెలుసు," అన్నాను.

అప్ప ఆ రోజు నుంచి వేరే పళ్ళెంలో తినసాగింది. మనవణ్ణి దగ్గరికి రానిచ్చేది కాదు. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే ఎండుచేప ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన తెలుస్తోందో లేదో చూసుకునేది. తెలిసినా నమ్మేది కాదు. పరీక్షలో ఏమీ లేదన్నా నమ్మలేదు. పేదరికమే నా చేత ఆ మాట అనిపించిందని చాలాకాలం చెప్పుకున్నాను. ఆమె ఇంట్లోనూ అదే పేదరికం. ఆమె మాత్రం తన ఇళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఒక ఉదయం వాళ్ళింటికి వెళితే, ఆమె ఆ ముక్కను వాసన చూసి, ఏడుస్తూ మళ్ళీ చూడటం నా కంట పడింది. ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతిలో ముక్క కింద పెట్టింది.

"నువ్వేనేట్రా," అంది. తర్వాత లేచి చీర సర్దుకుంది. "పద. ఆ మాట ఆల్ల గుమ్మంలో సెబుదువుగాని."

మొదట ఫోన్ చేసిన ఆవిడ ఇంటికే వెళ్ళాం. తలుపు తీసి, రెండడుగులు వెనక్కి వేసి, "తగ్గిందా మీ అక్కకి?" అంది.

అబద్ధమాడానండీ అనడానికి నోరు తెరిచాను. అంటే ఇక నన్నెవరు నమ్ముతారు?

"పూర్తిగా తగ్గిపోయిందండి," అన్నాను.

ఆవిడ సంతోషించింది. ఆదివారానికి చందువాలు తెమ్మంది. అప్ప తలూపింది. మెట్లు దిగుతుంటే అంది:

"లేని రోగం తగ్గించేసావు గదరా. నువ్వు డాక్టరువి."

మిగిలిన ఇళ్ళకు నన్ను రావద్దంది. ఒక్కతే తిరిగింది. పదకొండు ఇళ్ళు తిరిగొచ్చాయి. నాతో పండక్కీ పబ్బానికీ మాట్లాడుతుంది, అంతే. ఆ ఇంటావిడ ఇప్పటికీ డబ్బులిస్తూ, "ఒంట్లో బాగుంటోందా?" అని అడుగుతుందని అప్ప నా భార్యకు చెప్పింది. "బాగుందమ్మా" అంటుందట.