తప్పంతా తుపాకీదే

మిలూద్‌కి మనుషుల్లో తప్పు పట్టడం చేతకాదు. పాత తుపాకుల్ని కడిగి, తుప్పు వదిలించి, మళ్ళీ పేలేలా చేయడంలో దుక్కాలా సీమలో ఆయన్ని మించినవాడు లేడు. కానీ ఎవరు ఏ తుపాకీ తెచ్చినా తీర్పు ఒకటే: తప్పు తుపాకీది! ఒకసారి మంగలి, మందు కూరడమే మరిచిపోయి, పేలడం లేదంటూ వచ్చాడు.

"నువ్వు మరిచిపోతే అది గుర్తుచేయొద్దూ? ఒట్టి మొద్దు తుపాకీ!" అని దాన్ని చెడామడా తిట్టి పంపాడు మిలూద్.

ఆయన దగ్గరికి మరీ ఎక్కువగా తిరిగినవాడు జిలాలి. ఉరుసులో పదకొండు మంది గుర్రాల మీద దూసుకొచ్చి, తుపాకులు ఆకాశంవైపు ఎత్తి ఒక్కసారిగా పేల్చాలి. జనానికి ఒకే చప్పుడు వినపడాలి. జిలాలి ఉన్న జట్టుకి మాత్రం ఎప్పుడూ రెండు వినపడేవి.

"రెండోది నాదే. నా చప్పుడు గుంపులో కలవదు, దానికంత పొగరు" అని జిలాలి తనమీద తనే జోకు వేసుకునేవాడు.

జట్టు నాయకుడు మాతీకి నవ్వు రాలేదు. "ఈ ఉరుసులో కూడా రెండు చప్పుళ్ళు వినపడ్డాయో, గుర్రం దిగి అందరికీ టీ కాచిపెడుదువుగాని!"

జిలాలి తాత, నాన్న స్వారీ చేసిన జట్టు అది. జిలాలి పైకి నవ్వుతూనే అక్కణ్ణుంచి జారుకున్నాడు. తుపాకీ చంకన పెట్టుకుని మిలూద్ దుకాణానికి పరిగెత్తాడు.

"తప్పు నాదేనేమో బాబాయ్. పేల్చేముందు కళ్ళు గట్టిగా మూసుకుంటాను. మా గుర్రమే నాకన్నా ధైర్యంగా ఉంటుంది."

"ఛ, నీ తప్పేమిట్రా? దీని స్ప్రింగు ముసలిదైపోయింది. రేపు రా."

మర్నాడు తుపాకీ చేతికిచ్చి, "కొత్త స్ప్రింగు వేశాను. కానీ దీనికి నీ చెయ్యి అలవాటు కావాలి. రోజూ నా ముందు నలభైసార్లు పేల్చు. కళ్ళు మాత్రం మూయకు. ఇది నువ్వు చూడకపోతే బద్ధకిస్తుంది" అన్నాడు.

మొదటిరోజు నలభైసార్లూ జిలాలి కళ్ళు మూసుకున్నాడు. నలభైసార్లూ మిలూద్ తుపాకీనే తిట్టాడు. రోజూ పేల్చడం, గొట్టంలో వేడినీళ్ళు పోసి మసి కడగడం, గుడ్డతో తుడిచి ఆలివ్ నూనె రాయడం. మూడు వారాలకి జిలాలి రెప్ప వాల్చకుండా పేల్చాడు.

"చూశావా, దారికొచ్చింది వెధవది!" అన్నాడు మిలూద్.

ఉరుసులో పదకొండు తుపాకులూ ఒక్కటే చప్పుడు చేశాయి. మాతీ గుర్రం మీంచే వంగి జిలాలిని కావలించుకున్నాడు.

ఆ కొత్త స్ప్రింగు ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలనిపించింది జిలాలికి. ఇంటికెళ్ళి వంటింటి కత్తితో తుపాకీకున్న మరమేకు తిప్పబోయాడు. కదిలితేనా! తాతనాటి తుప్పు దాన్ని గట్టిగా పట్టేసింది. బలంగా తిప్పేసరికి మర తల పుటుక్కున ఊడింది. దాన్ని ఈ మధ్య ఎవరూ విప్పలేదని అప్పుడర్థమైంది.

తుపాకీ పట్టుకుని మళ్ళీ దుకాణానికి పరిగెత్తాడు. "బాబాయ్! నువ్వు దీన్ని విప్పనే లేదు కదూ?"

మిలూద్ ముఖం కందగడ్డయింది. మాట మార్చబోతూ విరిగిన మర చూశాడు. అంతే!

"వంటింటి కత్తితోనా? తెలివితక్కువ వెధవా! బంగారంలాంటి తుపాకీని పాడుచేశావు కదరా! దీని తప్పు ఆవగింజంత లేదు. నీదే, ముమ్మాటికీ నీదే!"

మిలూద్ చేత తిట్లు తిన్న ఏకైక మనిషిని నేనేనని జిలాలి ఇప్పటికీ ఊరంతా గొప్పగా చెప్పుకుంటాడు.