గురవమ్మకొచ్చిన పెద్దింటి జబ్బు

తీర్థకట్ట వీధిలో మొదటి టెలిఫోను ప్లీడరు గారింటికి వచ్చింది. మొదటి షుగరు మా ఇంటి యజమాని సుదర్శనం గారికి వచ్చింది. రెంటినీ చూడటానికి జనం వచ్చారు. ప్లీడరు గారు టెలిఫోను మీద కుట్టుపని గుడ్డ కప్పి ఉంచేవారు. సుదర్శనం గారు తన జబ్బును అలా కప్పిపెట్టే మనిషి కాదు.

అది డెబ్భై ఎనిమిదో సంవత్సరం. నేను ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా పనిచేస్తూ వాళ్ళ ముందు వాటాలో అద్దెకుండేదాన్ని. సుదర్శనం గారు ఒక ఆఫీసులో సూపరింటెండెంటు.

"ఇది బుర్రతో పనిచేసేవాళ్ళకు వచ్చే జబ్బు టీచరమ్మా. మా నాయనకుండింది, మా పెదనాయనకుండింది. మా వంశంలోనే ఉండాది" అని, మాన్యాల లెక్క చెప్పుకున్నట్టు చెప్పేవారు. పెళ్ళిళ్ళలో వడ్డించేవాడు మరిచిపోయి ఆయన విస్తట్లో జిలేబీ వేస్తే, బంతిలో చివరి మనిషి తలెత్తి చూసేదాకా "షుగరయ్యా, షుగరు!" అంటూనే ఉండేవారు.

ప్రతి ఆదివారం పొద్దున పెరట్లో పరీక్ష. గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచేవారు. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చయితే కొంచెం, పసుపయితే ఎక్కువ, ఇటుక రంగయితే ప్రమాదం. ఆయనకు ఎప్పుడూ ఆకుపచ్చే. "పచ్చ!" అని ఆయన లోపలికి కేకేస్తే, భార్య రమామణి గారు "పచ్చేనంట!" అని వీధి అరుగు దాకా అందించేవారు.

ఆ పెరట్లోనే, బావి పక్క బండ మీద కూర్చుని అంట్లు తోమే గురవమ్మ గురించి నేను రాయాలనుకున్నది. కానీ ఆ ఇంట్లో ఏ సంగతి ఎత్తుకున్నా సుదర్శనం గారి షుగరును దాటుకునే రావాలి.

గురవమ్మ గుడిసె రైలుకట్ట అవతల. మొగుడు పోయిన దగ్గర్నుంచీ మా వీధిలో నాలుగిళ్ళ అంట్లు తోముకుని బతికేది. గిన్నె చూసి ఇంటి సంగతి చెప్పేది. "ప్లీడరమ్మ కూర అడుగంటిచ్చింది. మొగుడితో మాటల్లేవు" అనేది. సాయంత్రానికి అది నిజమని తేలేది.

ఆ ఇంట్లో పండగలకీ ద్వాదశులకీ శుక్ర, శనివారాలకీ చక్కెర పొంగలి తప్పదు. దేవుడికి పెట్టింది పారెయ్యకూడదు. షుగరున్నాయన తినకూడదు. ఆయన ముందర తింటే బాగుండదని రమామణి గారూ తినరు. కొండ మీద నుంచి వచ్చే చుట్టాలు తెచ్చే లడ్లదీ అదే దారి. కనుక వారానికి మూడు రోజులు గురవమ్మకు ఆకు నిండా తీపి అందేది. పథ్యం పేరు ఆయనది. దాన్ని నడిపించింది మాత్రం ఆమె పొట్ట.

ఒకనాడు ఇత్తడి గుండిగ జారి ఆమె కాలి వేలి మీద పడింది. పసుపూ సున్నమూ పెట్టుకుంది. నెలన్నర దాటినా పుండు మానలేదు. ఒక ఆదివారం సుదర్శనం గారు దీపం ఆర్పుతుండగా గురవమ్మ బండ మీద నుంచే అంది:

"సామీ, నాకూ నీ జబ్బే వొచ్చినట్టుండాది."

ఆయన గొట్టం కిందపెట్టి చూశారు.

"దప్పి తీరదు. రేత్రికి పదితూర్లు లేస్తాండా. పోసిన సోట సీమలు బారు కడతాండాయి. నీకూ ఇట్నే గదా మొదలైంది? వొచ్చినోళ్ళకంతా నువ్వే సెప్తాంటివి గదా."

"ఏమ్మే, షుగరంటే ఏమనుకున్నావు? కూర్చోని పనిచేసేవాళ్ళకు వచ్చే జబ్బు అది."

"నేను నిలబడుకోని తోముతాండానా సామీ?"

రమామణి గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "నీకెక్కడిదే షుగరు? నువ్వు తినేదేముండాదని?" అంటూనే ఆమె ముందు ఆకులో పొంగలి పెట్టారు. నేనూ నవ్వాను. పిల్లలకు అదే పరీక్ష బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చెప్పేదాన్ని. అయినా నవ్వాను.

"ఆ నీలం నీళ్ళు రోంత పోసి సూడు సామీ" అంది గురవమ్మ.

"మద్రాసు నుంచి తెప్పించేది మే అది!" అని ఆయన సీసా తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మరుసటి శనివారం మధ్యాహ్నం గురవమ్మ నా గడప ముందు కూలబడింది. వేలు నల్లబడి ఉంది, వాసన వస్తోంది.

"టీచరమ్మా, ఆస్పత్రికి పోతే కాలు తీసేస్తారంటనే. కాలు లేకుంటే నాలుగిండ్లు ఎట్ల తిరగల్ల? ఎవురు పెడతారు నాకు?"

వెటకారం లేని ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. బడికి పోయి గాజు గొట్టమూ స్పిరిటు దీపమూ తెచ్చాను. ఆయన గొట్టం ఆమెకు వాడితే ఇల్లంతా కడగాలి గదా. రమామణి గారు కాసేపు తటపటాయించి, నీలం సీసా కొంగు చాటున తెచ్చిచ్చారు. మందు పొంగీ పొంగకముందే ఇటుక రంగుకు తిరిగింది.

అప్పుడే సైకిలు చప్పుడయింది. శనివారం ఆఫీసు ఒంటిపూట.

"ఎవరిదిది?" అన్నారు సుదర్శనం గారు.

"గురవమ్మది" అన్నాను.

"మందు చెడిపోయుంటుంది." ఆయన లోపలికి పోయి వచ్చి, తన గొట్టంలో తనది కాచారు. ఆకుపచ్చ. మళ్ళీ గురవమ్మది కాయించారు. ఇటుక రంగు.

"మూడేళ్ళుగా నాది పచ్చ దాటలేదే!" తన కింది గుమాస్తాకు ముందు ప్రమోషను వచ్చినట్టుంది ఆయన ముఖం.

"నేనేం జేతును సామీ?" అంది గురవమ్మ, తప్పు చేసినదానిలా.

"కాలు ఇట్ల చూపించు."

చూశారు. మెట్టు మీద కూర్చుండిపోయారు. మాలో ఎవరితోనూ కాకుండా, "మా నాయనకు వేలితోనే మొదలైంది. మోకాలి దాకా తీసేసినారు. అయినా దక్కలేదు" అన్నారు. మూడేళ్ళుగా వంశం గురించి అంత చెప్పినాయన ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు. రమామణి గారు ఆయన వైపు చూసి తల దించుకున్నారు.

ఆయన లేచి వీధిలోకి పోయి రిక్షా పిలుచుకొచ్చారు. ఆమె పక్కన కూర్చోలేదనుకోండి. సైకిలెక్కి, ఆస్పత్రి దాకా రిక్షా వెనకాలే తొక్కుకుంటూ పోయారు. దారి పొడుగునా రిక్షావాణ్ణి "మెల్లగా పోరా, కాలు తగులుతుంది!" అని తిడుతూనే ఉన్నారట.

వేలు తీసేశారు. ఇంకో వారం ఆగి ఉంటే పాదం దక్కేది కాదని డాక్టరు అన్నారు. ముందుగా కనిపెట్టిందెవరని అడిగితే సుదర్శనం గారు "మా ఇంట్లోనే పరీక్ష చేసినాము" అన్నారు. మంచం మీది నుంచి గురవమ్మ "అవును సామీ" అంది.

ఆ తర్వాత ఇంటికొచ్చినవాళ్ళతో ఆయన షుగరు ఊసెత్తడం తగ్గింది. అంట్లు తోమే మనిషికీ ఉన్న జబ్బు గురించి చెప్పుకోవడానికేముంటుంది? బి.పి. ఉందేమోనని అనుమానంగా ఉందని మొదలుపెట్టారు. ఆదివారాలు మాత్రం గురవమ్మను పిలిపించి రెండు గొట్టాలూ ఆయనే కాచేవారు, దేని దీపం దానికి వేరుగా. ఆస్పత్రి మాత్రలతో గురవమ్మది ఇటుక నుంచి పసుపుకి, పసుపు నుంచి పచ్చకి దిగింది. తనది ఒక వారం పసుపైతే గొట్టం గబుక్కున బోర్లించేశారు.

"సూసినాన్లే సామీ" అంది గురవమ్మ.

ఆమె పనికి తిరిగొచ్చిన వారంలోనే వైకుంఠ ఏకాదశి వచ్చింది. ద్వాదశి పొద్దున రమామణి గారు ఎప్పటిలాగే ఆకు నిండా చక్కెర పొంగలి తెచ్చి బండ దగ్గర పెట్టబోయారు.

"వొద్దమ్మా" అంది గురవమ్మ.

"ప్రసాదమే!"

"ఒక మెతుకు ఈమ్మా, కండ్లకద్దుకోని ఏసుకుంటా. తక్కింది నాకొద్దు. షుగరు గదా."

ఇన్నేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఒకటి వద్దనడం అదే మొదలు. రమామణి గారు ఆకు పట్టుకునే నా వాటా వైపు చూశారు. నేను పెరటి తలుపు చాటుకు జరిగాను. లోపల సుదర్శనం గారు అవసరం లేకుండా దగ్గారు.

"అయితే ఇంకమీదట ఎంత వండేదే గురవమ్మా?" అన్నారు రమామణి గారు.

గురవమ్మ గుండిగ బోర్లించి, పీచుతో అడుగు రుద్దుతూ అంది:

"ఎంత తింటారో అంత వొండుకోండమ్మా. తోమేదానికీ సులువు."