హౌజులో వాలుగ

ఆ క్రిస్మస్‌కు మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదంటే అది దేవుడి దయ, నా ప్రయోజకత్వం కాదు. ఇది చదివి నా మీద జాలిపడకండి. నేను అందుకు తగినవాణ్ణి కాను.

అప్పటికి అహేరిలో డిగ్రీ పూర్తిచేసి, ఇంగ్లీషు వచ్చినవాడని ఊళ్లో పేరు తెచ్చుకున్నాను. ఆ పేరుకు ఇంగ్లీషు అక్కర్లేదు. ఎవరేం చెప్పినా "యస్ యస్" అని తలూపితే చాలు. మా అడవుల్లో రాక్షసబల్లుల ఎముకలు వెతకడానికి పోలండ్ నుంచి వచ్చిన జోఫియా నా తలూపుడు చూసి నన్ను దుబాసీగా పెట్టుకుంది. మా ముందుగదిలోనే అద్దెకు దిగింది.

పండుగ దగ్గరపడేసరికి ఆమె ముఖం వాడిపోయింది. ఇల్లు విడిచి క్రిస్మస్ గడపడం అదే మొదటిసారట. ఓ సాయంత్రం ఫోన్‌లో ఫొటో చూపించింది. వాళ్లింటి స్నానాల తొట్టిలో బతికున్న చేప! పండుగకు ముందు తెచ్చి అలా ఉంచడం వాళ్ల ఆనవాయితీ అంది. ఆ తర్వాత కూడా కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు ఏదో చెప్పింది. నేను తలూపుతూనే ఉన్నాను గానీ, నా మనసు అప్పటికే ప్రాణహిత నది ఒడ్డుకు చేరింది.

అక్కడ మల్లేశం అనే జాలరి నా దోస్తు.

"బతికున్న చాప గావాలె. మంచి దమ్మున్నది."

"దమ్మంటే గిదే అన్నా," అని ఓ వాలుగను ఇచ్చాడు. చెయ్యంత పొడుగు, పిల్లి మీసాలు, నోటినిండా పళ్లు. ఎన్నికల్లో నిలబెడితే గెలిచేలా ఉంది.

అమ్మ అడ్డుపడింది. "తానం జేసే నీళ్లల్ల చాపేందిరా?"

"వాళ్ల ఆచారమే. మనం తులసమ్మను వాకిట్ల వెట్టుకుంటలేమా?"

"వెట్టుకుంటం గని, తులసమ్మ కరువది గదరా!"

నేల విడిచి సాము చేయొద్దంటారు. నేను నది విడిచిన చేపతో చేశాను. పండుగ ముందురోజు రాత్రి దాన్ని స్నానాలగదిలోని నీళ్ల హౌజులో వదిలి, పైన రేకు కప్పాను. పొద్దున జోఫియా ఆశ్చర్యపోవాలి కదా!

తెల్లవారుజామున కరెంటు లేదు. ఆమె చీకట్లోనే రేకు జరిపి చెంబు ముంచింది. వాలుగ ఆ చెంబు పట్టుకుంది. ఆ కేక అవతలి ఒడ్డున తెలంగాణవాళ్లను కూడా లేపే ఉంటుంది.

వాడంతా కర్రలతో వచ్చింది.

"పామా?"

"మొసలి గావచ్చు!"

"చాప," అన్నాను.

"హౌజులకు చాప ఎట్లొచ్చింది?"

అమ్మ నావైపు చూసింది. ఆమెను చూసి అందరూ నావైపే చూశారు. నిలువునా తడిసిన జోఫియా బయటికి వచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా.

"మెర్రీ క్రిస్మస్," అన్నాను.

ఆమె అరుగు మీద కూలబడి, ముఖం దాచుకుని ఏడ్చింది. కాసేపటికి గానీ అది నవ్వని తెలియలేదు. నవ్వాగాక, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. చిన్నప్పుడు ఆ తొట్టిలో చేపతో ఆడుకునేదట. పండుగ పూట నాన్న దాన్ని కోసేశాడట. అప్పటినుంచీ ఆమె చేప ముట్టలేదట.

"ఆ రోజే ఇదంతా చెప్పాను. నువ్వు తల కూడా ఊపావు!"

మధ్యాహ్నం వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. మా అమ్మ ఫోన్ లాక్కుని చేపను చూపించింది. ఆమె పోలిష్‌లో, అమ్మ తెలుగులో మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాకుండానే ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

"జర చింతపులుసు వోసి వండుమంటున్నదిరా," అంది అమ్మ, గరిటె తిప్పుతున్నట్టు సైగ చేస్తూ.

"వద్దు!" అని జోఫియా హౌజుకు అడ్డంగా నిలబడింది.

సాయంత్రం వాలుగను డ్రమ్ములో పెట్టి, ఆటోలో ప్రాణహితకు ఊరేగించాం. జోఫియానే దాన్ని నీళ్లలో వదిలింది. మల్లేశం గుండె పట్టుకున్నాడు.

"పట్టినదాన్ని ఇడుసుడు మా తాతల కాలంల గూడ సూడలే అన్నా!"

జోఫియా కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంటికి దూరంగా ఇదే మొదటి పండుగ. చేప బతికిన పండుగ కూడా ఇదే మొదటిది," అంది. ఇంటికొచ్చి అమ్మ వండిన పప్పూ గారెలూ కడుపునిండా తింది.

నేను విస్తరి ముందే కళ్లు మూసుకుని ప్రమాణం చేశాను. ఎవరి ఆచారమైనా సరే, చివరిదాకా వినకుండా ఈ జన్మలో తలూపను.

కళ్లు తెరిచేసరికి జోఫియా ఉత్సాహంగా మొదలుపెట్టింది. "ఈస్టర్‌కు మా ఊళ్లో ఏం చేస్తామో తెలుసా?"

నేను రెండు చేతులతో తల గట్టిగా పట్టుకున్నాను. "ఆగండి మేడం. అందులో ప్రాణంతో ఉండేది ఏమైనా ఉందా?"