కూత వినే మనిషి

పాకాల లోకోషెడ్డులో ఇంజన్లకు నూనె పెట్టే ఎల్లప్ప సాయంత్రాలు రైల్వే కూలీల చెడుగుడు జట్టుకు గురువు. ఆట సాగుతుంటే గీత పక్కన గొంతుక్కూర్చుని కళ్లు మూసుకుంటాడు. మసి వదలని అరచేతిని చెవి వెనక దొప్పలా పట్టి, కూతకెళ్లినవాడి ఊపిరి వింటాడు, షెడ్డులో ఆవిరి ఎక్కడ కారుతోందో వినిపట్టినట్టే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది, జిల్లా జట్టుకు గురువును ఎంచడానికి చిత్తూరు నుంచి దొరస్వామి వచ్చాడు. కళ్లు మూసుకున్న మనిషిని చూసి, నిద్రపోతున్నాడేమోనని మొహం చిట్లించాడు.

ఆఖరి కూత. ఇద్దరిని తాకి వస్తే రేణిగుంట జట్టు మీద గెలుపు. ఎల్లప్ప జట్టులోని మునెప్ప కూత పెడుతూ ఇద్దరినీ మూలకు తరిమాడు. వాడి చేతికీ వాళ్లకూ జానెడు దూరం. ఎల్లప్ప కళ్లు తెరవకుండానే అరిచాడు: "మునెప్పా, వచ్చేయ్ రా!" మునెప్ప మారుమాట లేకుండా మళ్లి, నడిగీత దాటి, కూలబడి దగ్గసాగాడు. ఆట పోయింది.

"ఎందుకు పిలిచినావప్పా? గెలుపు చేతికందేటట్టుండె గదా!" దొరస్వామి గొంతు పెరిగింది.

"వాని కూతలో ఈల పలికింది సామీ. పోయిన వారమంతా జ్వరం వానికి. ఇంకొక్క అడుగేసుంటే ఆడనే పడిపోయుండేవాడు."

దొరస్వామి పెన్సిలు కాగితం మీదే ఆగింది. "జిల్లా జట్టులో అందరూ పేరుమోసినోళ్లు. వాళ్లనీ ఇట్లే వెనక్కి పిలుస్తావా?"

ఎల్లప్ప మునెప్ప వీపు నిమురుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ముందు వాళ్ల కూత వినాల సామీ."