డ్రిల్లు టీచరు మా ఇంటికొచ్చిన ఆదివారం

డెబ్బైల చివర్లో నేను ఆళ్లగడ్డలో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. మా ఊరు అక్కడికి మూడు మైళ్లు. ఒకరోజు కదిలిపోయిన బస్సు వెనక పరుగెత్తి, కమ్మీ పట్టుకుని ఎక్కేశాను. లోపల మా డ్రిల్లు టీచరు కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. "సాయంత్రం గ్రౌండుకు రా. ఖోఖో జట్టులో ఒకరు తక్కువున్నారు" అంది.

నెలరోజులు ఇంట్లో చెప్పకుండానే ఆడాను. నంద్యాలలో పోటీలని తెలిశాక చెప్పక తప్పలేదు. నాయన ఒక్కమాటతో తేల్చేశాడు. "పెండ్లి కావల్సిన పిల్లవి. ఊరూరు తిరిగి ఎగిరే పని లేదు."

ఆ మాటే టీచరుకు చెప్పి జట్టు నుంచి తప్పుకున్నాను. ఆ ఆదివారం చర్చి అయిపోగానే ఆమె తెల్లచీరతోనే మా ఊరికి నడిచొచ్చింది. నాయన వాకిట్లో విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలుస్తున్నాడు. ఆమె కూడా పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది.

"ఏమేసుకొని ఆడతారు టీచరమ్మా?" నాయనే అడిగాడు.

"పైజామా, చొక్కా. లంగా అయితే కాళ్లకు అడ్డం పడతాదన్నా."

"యాడ పండుకుంటారు?"

"పండుకునేదే లేదు. పొద్దున పోయి సాయంత్రానికి వస్తాం. నమ్మకం లేకుంటే నువ్వూ రా."

నాయన ఇంకో పిడికెడు కాయలు ముందుకు లాక్కున్నాడు. చాట నిండాక, "వస్తా" అన్నాడు.

అమ్మ పాత పంచె చింపి పైజామా కుట్టింది. అంతా చేస్తే, నంద్యాలలో నేను రెండు నిమిషాలు కూడా నిలవలేదు. అవతలి జట్టులోని పొడుగుపిల్ల చేతికి చిక్కి కిందపడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది. జట్టు ఓడింది. నాయన కూర్చున్న వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

తిరుగు బస్సులో ఊరు దగ్గరపడ్డాక ఆయన అన్నాడు. "ఆ పొడుగుపిల్ల మొగం చూస్తాండావ్ నువ్వు. మొగం చూస్తే మోసపోతావ్. ఎద్దు యాడికి మళ్లుతాదో దాని కాళ్లే ముందు చెప్తాయి. కాళ్లు చూడు."

"మళ్లా పోనిస్తావా నాయనా?"

"పోకుంటే ఎట్ల నేర్చుకుంటావ్?"

మరుసటి ఏడు రెండు ఆటలు గెలిచి మూడోది ఓడాం. అప్పటికి నాయన నాకంటే ఎక్కువ ఆట నియమాలు నేర్చేసుకున్నాడు. ఇంటర్ అయ్యాక డ్రిల్లు టీచర్ల శిక్షణకు దరఖాస్తు తెచ్చిచ్చింది కూడా మా టీచరే. ఇంటికి సంబంధం వచ్చి ఉంది. అమ్మ భయపడింది. నాయన దరఖాస్తు నాతో చదివించుకుని, నిదానంగా సంతకం చేశాడు.

శిక్షణ పూర్తయి, నంద్యాల పక్కన ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. మా పెద్దమ్మ ఇంటికొచ్చి, పిల్లకు ఇరవై రెండేండ్లు నిండినాయి, ఇంకెప్పుడు పెండ్లి అని నిలదీసింది.

"దాన్నే అడుగు వదినా. ఇప్పుడు బడిలో ఉంటాది, సాయంత్రానికి వస్తాది. అందాకా కూర్చో" అన్నాడట నాయన.