తాళం వేసిన మోటారు

ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తున్నారని తెలిస్తే వైండింగ్ బాబాయ్ ముందుగా తన జేబు తడుముకునేవాడు. ఇది పిసినారితనం కాదు, వృత్తిధర్మం. కాలిపోయిన మోటార్లు విప్పి, లోపలి రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి వాటికి పునర్జన్మ ప్రసాదించడం ఆయన పని. ఆ పని ఆయనకు మేనమామ నేర్పాడు. నేర్పాడనడం పోయినవాళ్ళ మీద మర్యాద కొద్దీ. తీగ ఎంత లావుండాలో మామ చెప్పేవాడు, ఎన్ని చుట్లు చుట్టాలో చెప్పేవాడు, అన్నీ చెప్పి ఒక్కటి మాత్రం కావాలని తప్పు చెప్పేవాడు. మేనల్లుడు చుట్టిన మోటారు బుసకొట్టి పొగ కక్కేది. "ఏరా, మళ్ళీ తగలెట్టావా?" అంటూ మామ వచ్చి, ఆ ఒక్కటీ సరిచేసి, గిరాకీల ముందు మీసం దువ్వుకునేవాడు.

దీన్ని మామ తాళం వేయడం అనేవాడు. "విద్య ఇచ్చెయ్యరా, తాళంచెవి మాత్రం ఇవ్వకు. అది నీ దగ్గరున్నంత కాలం ఎంతటివాడైనా నీ గుమ్మం తొక్కాల్సిందే" అని అవసాన కాలంలో ఉపదేశించాడు. అలా ఉపదేశిస్తూనే రెండు మూడు తాళంచెవులు తనతోపాటు పట్టుకుపోయాడని బాబాయ్‌కి ఇప్పటికీ అనుమానమే.

అటువంటి మనిషి షాపు తలుపుకి ఒకరోజు ఎవరో ఒక కాగితం అంటించి పోయారు. ఎలక్ట్రానిక్ పరికరాలూ రోబోలూ సరదాగా తయారుచేసుకునే బృందం ఒకటి ఉందనీ, ఎవరైనా రావచ్చనీ, తాము చేసే ప్రతి వస్తువు తయారీ పద్ధతినీ నలుగురికీ ఉచితంగా ఇచ్చేస్తామనీ, దాన్ని ఎవరైనా చూసి చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా అనీ అందులో ఉంది. బాబాయ్ చదివి, కాగితం ఊడబీకి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు. అదే ఆయనకు మరీ అనుమానంగా తోచింది.

"అమ్ముకోవచ్చట కూడా!" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో. "సొంత బుర్ర పెట్టి చేసినదాన్ని ఎవడో అమ్ముకుంటే చేతులు కట్టుకుని చూస్తారట. మన చెవిలో పువ్వు కనిపిస్తోందా వాళ్ళకి? దీని వెనక ఏదో ఉంది."

"ఏముందో వెళ్ళి చూడకపోయారా? ఇక్కడ కూచుని నా ప్రాణం తియ్యకపోతే" అందావిడ.

వెళ్ళాడు. గుట్టు కనిపెట్టడానికి వెళ్ళిన మనిషి రెండేళ్ళు దాటినా ఇంకా కనిపెడుతూనే ఉన్నాడు. ఆదివారం ఇల్లు చేరగానే ఆవిడ "దొరికాడా దొంగ?" అని అడిగేది. "విచారణ సాగుతోంది" అని ఆయన చెప్పులు విడిచేవాడు.

బృందం కూడేది మూతబడిన టైపు ఇన్‌స్టిట్యూట్ గదిలో. బల్లల మీద టైపు మిషన్లు ఏళ్ళ తరబడి ఒత్తిన గుంటలు అలాగే ఉన్నాయి. స్క్రూలూ నట్లూ ఖాళీ మందుసీసాల్లో నిద్రపోతుంటాయి. గోడకి ప్రతి పనిముట్టు బొమ్మా గీసి, దాని మీద మేకు కొట్టారు. సుత్తి కనపడకపోతే గోడ మీద దాని నీడ మాత్రం మిగిలి అందరినీ నిలదీస్తుంది. అన్నింటికీ పెద్దదిక్కు ఒక సైన్సు టీచరు. ఆమెకి కుడిభుజం పళ్ళ డాక్టరు. వారమంతా తను డ్రిల్లు పెట్టినవాళ్ళు కేకలు పెడుతుంటే విని విని, కేకలు పెట్టని వాటికి చిల్లులు పొడుద్దామని ఆయన ఇక్కడికి వస్తాడు.

వీళ్ళు లైబ్రరీ కోసం ఒక రోబో బండి చేశారు. లైబ్రేరియన్ ఎటు వెళితే అటు పుస్తకాలు మోసుకుంటూ వెనకాలే వెళుతుంది. వెళ్ళడం బాగానే వెళ్ళింది గానీ దాని మోటార్ల రొదకి చదువరులు లేచి వెళ్ళిపోయారు. లైబ్రేరియన్ బండిని తిప్పి పంపాడు. అప్పటిదాకా మూల కూచుని నిఘా వేస్తున్న బాబాయ్ ఉండబట్టలేక, రెండు పాత సీలింగ్ ఫ్యాన్ల మోటార్లు తెచ్చి, తనదైన పద్ధతిలో చుట్టి, అయస్కాంతాలు అతికించి, చక్రాలుగా బిగించాడు. బండి పిల్లిలా నడిచింది.

ఆనాటి నుంచి ఆ గదిలో ఆయన దశ తిరిగింది. "బాబాయ్ వచ్చాడా?" "బాబాయ్‌ని అడుగుదాం." "బాబాయ్, కాస్త ఇది చూడండి." ఫ్యాను కింది కుర్చీ ఆయనది, మొదటి టీ ఆయనది. సొంత షాపులో ఇటువంటి భోగం కరువై చాలాకాలమైంది. కాలిన మోటారు అవతల పారేసి కొత్తది కొనుక్కునే రోజులు వచ్చాక, ఆ గుమ్మం తొక్కేది ఒక్క వీధి పిల్లి మాత్రమే. అదీ మోటారు పట్టుకుని రాదు.

ఇంతలో టీచరు బాంబు పేల్చింది. "బాబాయ్, చక్రం చుట్టే పద్ధతి రాసివ్వండి. అందరికీ పంపుదాం."

బాబాయ్ లెక్క వేసుకున్నాడు. చేసేది చెప్పేస్తే చెప్పినవాడితో ఎవరికి పని? రాయనంటే బృందం నియమానికి విరుద్ధం. రాస్తే ఫ్యాను కింది కుర్చీకి ఎసరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ సంకటంలో ఆయనకు మేనమామ గుర్తొచ్చాడు. బాబాయ్ పద్ధతంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఒకచోట తాళం వేశాడు. ఒక తాళం విరిగితే ఎలాగని, వేరేచోట రెండోది కూడా వేశాడు.

అయితే ఆ బృందానికి ఒక ఆచారం ఉంది. రాసిన పద్ధతిని బయటికి పంపేముందు, దాన్ని ఎన్నడూ చేయనివారెవరైనా కేవలం కాగితం చూసి చేసి చూపాలి. రాసినవాడు అదే గదిలో మౌనం కుర్చీ అనే దానిలో కూర్చుని నోరెత్తకుండా చూడాలి. వెనకటికి పళ్ళ డాక్టరు తన యంత్రం పరీక్షలో సమయానుకూలంగా దగ్గి గట్టెక్కాడని అభియోగం ఉంది. అప్పటినుంచి దగ్గు కూడా నిషిద్ధం. తుమ్ముకి మాత్రం టీచరు దయతలచి మినహాయింపు ఇచ్చింది.

ఎవరు చెయ్యాలో చీటీ తీశారు. వచ్చిన చీటీ బాబాయ్ వియ్యపురాలిది.

ఈ వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. అడిగిన నంబరు తప్ప మరో నంబరు జన్మలో కలపలేదని పేరు. కూరలో ఉప్పు కూడా చెంచాకి గీటు పెట్టి కొలుస్తుంది. నెల క్రితం ఆమె ఈ గది మెట్లెక్కి వచ్చినప్పుడే బాబాయ్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం చెల్లెమ్మగారూ, ఇలా దయచేశారు?"

"ఊరికే అన్నయ్యగారూ, కాలక్షేపానికి."

ఊరికే! ఇది తన భార్య పంపిన వేగు అని బాబాయ్ అప్పుడే నిర్ధారించుకున్నాడు. ఇప్పుడు అదే మనిషి కళ్ళజోడు సవరించుకుని తన కాగితాలు ముందేసుకుని కూచుంది. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదవడం, చెప్పింది చెయ్యడం, పక్కన టిక్కు పెట్టడం, తర్వాతే రెండో వాక్యానికి వెళ్ళడం. ఒక తాళం దాటింది, ఆమెకి తెలియలేదు. ఇంకోటీ దాటింది. బాబాయ్ మౌనం కుర్చీలో తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

చక్రం బిగించి స్విచ్చి వేసింది. చక్రం ఉలిక్కిపడి, కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఊగి, గుర్రుమని మూలిగి ఆగిపోయింది.

"కొత్తవారు కదండీ, చుట్టేటప్పుడు ఎక్కడో చెయ్యి తిరగబడి ఉంటుంది" అన్నాడు పళ్ళ డాక్టరు, పన్ను పీకాక ఓదార్చే గొంతుతో.

"నేను రాసింది రాసినట్టే చేశానండీ."

"అందరూ అలాగే అనుకుంటారు లెండి."

"అనుకోవడం కాదు, చేశాను!" ఆమె ముఖం ఎర్రబడింది. చెయ్యి స్విచ్చి మీంచి తియ్యలేదు. "కాసేపు నడవనివ్వాలి అని రాసుంది. నడవనిస్తాను."

మోటారు మూలుగు హెచ్చింది. తీగ వేడెక్కిన వాసన బాబాయ్ ముక్కుకే ముందు తగిలింది. నలభై ఏళ్ళుగా ఆ వాసన తగిలితే ఆయన అన్నం ముందు నుంచైనా లేచి పరిగెత్తేవాడు.

"ఆపండి చెల్లెమ్మగారూ! కాలిపోతోంది! ఆ మూడో కాయిల్ ఎడమకి చుట్టాలి!"

మౌనం భగ్నమైంది. పరీక్ష రద్దయింది. టీచరు కాగితం తీసి చూసి, "ఇక్కడ కుడికి అని రాశారు బాబాయ్" అంది. పళ్ళ డాక్టరు వియ్యపురాలి వైపు చూడకుండా చూపు గోడ మీద సుత్తికి తగిలించాడు. "పోన్లెండి, పొరపాటు. ఎంతవాళ్ళకైనా కుడీ ఎడమా తడబడుతుంది" అని టీచరు సర్దిచెప్పింది.

ఇక బాబాయ్ చెయ్యవలసిందల్లా తల ఆడించడమే. పరువు దక్కేది, తాళం దక్కేది, కుర్చీ దక్కేది. కానీ ఆ 'పొరపాటు' అన్న మాట ఆయన చెవిలో సీసంలా దిగింది. అందులోనూ వియ్యపురాలి ముందు!

"పొరపాటా? నాకా? కుడికీ ఎడమకీ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళూ చుట్టానా? తెలిసే రాశాను! కావాలనే రాశాను!"

తెలివితక్కువవాడన్న అపవాదు తప్పించుకోవడానికి మోసగాణ్ణని ఒప్పుకున్నవాళ్ళు లోకంలో అరుదు.

"కావాలనా? ఎందుకు?" అంది టీచరు.

"ఎందుకేమిటమ్మా? అంతా మీకే చెప్పేస్తే ఇంక నాతో మీకేం పని?"

ఆ మాట అనేశాక ఆయనకే తన గొంతు కొత్తగా వినిపించింది. ఎవరో ఒకరు నవ్వుతారని చూశాడు. ఎవరూ నవ్వలేదు. అదింకా అనుమానాస్పదంగా ఉంది.

వియ్యపురాలు మూడో కాయిల్ విప్పి, ఎడమకి చుట్టి, మళ్ళీ స్విచ్చి వేసింది. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అందరూ దాని చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. బాబాయ్ వైపు ఒక్కరూ చూడలేదు. ఇదీ, సరిగ్గా ఇదే, తను భయపడింది. అయినా రెండో తాళం భద్రంగా ఉంది. దాని ఫలితం నెల తర్వాత గానీ బయటపడదు. అప్పుడు తన గుమ్మానికే రావాలి.

ఆమె మెల్లిగా తల తిప్పింది. "ఇంకేమైనా తాళాలున్నాయా అన్నయ్యగారూ?"

"లేవు."

ఆమె అలాగే చూస్తూ ఊరుకుంది. ఫోనెత్తి పలకనివాడి ఊపిరి వింటూ, పలికేదాకా లైను కట్ చెయ్యని చూపు అది. బాబాయ్ ఫ్యాను చూశాడు, మందుసీసాలు చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు.

"ఒకటుంది" అన్నాడు. "గాడిలో పరిచే అట్టకాగితం. అంచుకి సమంగా కత్తిరించమని రాశాను. గోరంత బయటికి రావాలి. లేకపోతే తీగ ఇనుముకి రాసుకుని రాసుకుని, నెలలో మోటారు పోతుంది."

"అంటే ఇప్పుడు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"అన్నీ విప్పాలి."

పళ్ళ డాక్టరు చతికిలబడ్డాడు. టీచరు ఆ వాక్యం కొట్టేసి కొత్తది రాసింది. బాబాయ్ దగ్గర ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పొమ్మనే మాట కోసం ఎదురుచూశాడు.

"బండికి చక్రాలెన్ని అన్నయ్యగారూ?" అంది వియ్యపురాలు, కటింగ్ ప్లయర్ అందుకుని.

"మోటారువి రెండు."

"మరి రెండూ నేనొక్కదాన్నే చుట్టాలా? లేచి రండి."

ఇది శిక్షా, ఎత్తుగడా, దయా అని బాబాయ్ తర్కించుకున్నాడు. దయ అన్నది అన్నిటికన్నా నమ్మదగనిదిగా కనిపించి ముందు దాన్నే కొట్టేశాడు. లేచి వెళ్ళి, పక్కన విప్పి ఉంచిన రెండో ఫ్యాను మోటారు ముందు కూచున్నాడు. ఆమె సరిచేసిన కాగితం తెచ్చి ఆయన ముఖం ముందు నిలబెట్టింది.

"నాకు కాగితమా!" అన్నాడు బాబాయ్, పౌరుషంగా. "నేను కాగితం చూసి చుట్టాలా?"

"కావాలని తప్పు రాసిన చెయ్యి, కావాలని తప్పు చుట్టదని ఏమిటండీ నమ్మకం?"

ఆమె స్థానంలో ఉంటే బాబాయ్ కూడా ఇదే ప్రశ్న వేసేవాడు. అట్టకాగితం గోరంత వదిలి కత్తిరించాడు. ఆమె స్కేలు పెట్టి కొలిచి టిక్కు పెట్టింది. మొదటి కాయిల్‌కి టిక్కు, రెండో కాయిల్‌కి టిక్కు.

"ఆగండి. మూడోది ఎటు?"

"ఎడమకి."

ఆమె కాగితం చూసింది, ఆయన వేళ్ళు చూసింది, ఎందుకైనా మంచిదని మళ్ళీ కాగితం చూసింది.

"ఊఁ. కానివ్వండి."